గ్రాఫిక్స్ కార్డులను పోల్చి చూచుట

మా పాఠశాల కంప్యూటరు గదియందు ఒకే వరుసలో రెండు యంత్రములు కలవు. రెంటిలోని గ్రాఫిక్స్ కార్డు పేరు ఒక్కటియే: జీఫోర్స్ జీటీ 1030. రెంటి పెట్టెలమీదను 2 గిగాబైట్ల మెమరీ అనియే అచ్చువేయబడి యుండెను. ఒకదానిని ముందుగాను, రెండవదానిని కొంతకాలము తరువాతను కొంటిమి. జీవశాస్త్ర పాఠమునకై మానవ హృదయము యొక్క త్రిమితీయ నమూనాను తెరపై త్రిప్పి చూపునప్పుడు, మొదటి యంత్రములో బొమ్మ నిలుకడగా తిరిగెడిది. రెండవ యంత్రములో ఆగి యాగి కుదుపులతో తిరిగెడిది. ఆ రెండవ యంత్రముకడ కూర్చుండు తొమ్మిదవ తరగతి బాలుని మేము గద్దించితిమి. "రెండును ఒకటే కార్డు గదా! నీవు అక్కరలేనివెల్ల ఎక్కించి దీనిని చెడగొట్టితివి" అంటిమి. బాలుడు బదులు పలుకక తల వంచుకొనెను. మా తీర్పు తప్పని తరువాత తెలిసినది. అది యెట్లు తెలిసినదో ఈ పాఠము నడుమ చెప్పెదము.

ఇటీవల తలిదండ్రులు అనేకులు పిల్లల చదువునకై కంప్యూటరు కొనబోవుచు మమ్ము అడుగు ప్రశ్న ఒకటి కలదు: "అయ్యా, ఎన్ని జీబీల కార్డు మంచిది?" కష్టార్జితమైన ధనమును వెచ్చించువారు ఇట్లడుగుట సహజమే. కాని ఒక్క అంకెను బట్టి కార్డును ఎంచుట, ఒక్క పరీక్షలోని మార్కును బట్టి విద్యార్థిని ఎంచుటవంటిది. ఆ అంకె అబద్ధము కాదు. అయినను అది పూర్తి నిజమును కాదు. కావున ఏ యంకె దేనిని కొలుచునో, దేనిని కొలువదో క్రమముగా తెలిసికొందము.

1. గ్రాఫిక్స్ కార్డు చేయు పని

తెరపై మనకు కనబడు బొమ్మ పిక్సెళ్లు అను చిన్న చుక్కల కూర్పు. సాధారణమైన తెరయందు అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. ఈ రెంటిని గుణించిన 20,73,600 చుక్కలు వచ్చును. కదలు బొమ్మ కన్నునకు సాఫీగా కనబడవలెనన్న సెకనునకు 60 బొమ్మలు గీయవలెను. ఒక్కొక్క బొమ్మను ఫ్రేము అందురు. అనగా ఒక్క సెకనులో 12,44,16,000 చుక్కల రంగులను నిర్ణయింపవలెను. ఒక్క ఫ్రేమునకు దొరకు వ్యవధి సెకనులో అరువదవ వంతు మాత్రమే.

కంప్యూటరు యొక్క ప్రధాన గణనాంగమగు సీపీయూ మిక్కిలి నేర్పరి. ఎట్టి చిక్కు లెక్కనైనను చేయగలదు. కాని దానికి చేతులు కొద్ది. చుక్కలకు రంగువేయుట చిక్కు లెక్క కాదు. ఒకే విధమైన లెక్కను లక్షల పర్యాయములు చేయుట. దీనికి నేర్పరి యొక్కడు చాలడు, కూలీల గుంపు కావలెను. వరినాట్ల దినములలో మన పొలములను తలంచుకొనుడు. పెద్దకాపు ఎంత అనుభవజ్ఞుడైనను ఒంటరిగా ఎకరము నాటలేడు. ఇరువదిమంది స్త్రీలు వరుసగా వంగి నాటినచో పొద్దు వాలకమునుపే పని తీరును. గ్రాఫిక్స్ కార్డులోని జీపీయూ అట్టి గుంపు. 1999వ సంవత్సరములో ఎన్‌విడియా సంస్థ జీఫోర్స్ 256 అను కార్డును వెలువరించి, జీపీయూ అను పేరును ప్రచారములోనికి తెచ్చెను. నేడు ఈ కార్డులు ఆటలకు మాత్రమే గాక శాస్త్ర గణనములకును, కృత్రిమ మేధకును ఉపయోగపడుచున్నవి. ఆ పనులును ఒకే లెక్కను అనేక పర్యాయములు చేయుటయే.

2. కోర్లును, గడియార వేగమును

నాట్లువేయు ఒక్కొక్క మనిషి వంటి దానిని కోరు అందురు. ఆ మనిషి చేయి ఆడు వేగము వంటిది గడియార వేగము; దీనిని మెగాహెర్ట్జ్‌లలో చెప్పుదురు. ఒక్కొక్క కోరు గడియారపు ప్రతి కొట్టునకు ఒక గుణకారమును, ఒక కూడికను, అనగా రెండు లెక్కలను చేయగలదు. కావున కోర్ల సంఖ్యను రెండింటితోను, గడియార వేగముతోను గుణించిన, కార్డు సెకనునకు అత్యధికముగా ఎన్ని లెక్కలు చేయగలదో తెలియును. ఆర్‌టీఎక్స్ 3060 కార్డులో 3,584 కోర్లు కలవు. దాని హెచ్చు గడియార వేగము 1,777 మెగాహెర్ట్జ్. గుణించి చూడుడు: సెకనునకు సుమారు 12.7 లక్షల కోట్ల లెక్కలు వచ్చును.

అయితే ఈ అంకె శక్తి యొక్క హద్దును చెప్పునే గాని, నిత్యము జరుగు పనిని చెప్పదు. మరియు ఒక సంస్థవారి కోర్లను వేరొక సంస్థవారి కోర్లతో తలకు తల లెక్కించి పోల్చరాదు. ఏఎండీ సంస్థవారు 2021లో వెలువరించిన రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600 కార్డులో కోర్లు 1,792 మాత్రమే. 3060 కోర్లలో సరిగా సగము. అయినను సాధారణమైన తెరపై అనేక ఆటలలో ఈ రెండు కార్డులును ఒకదానికొకటి సమీపముగానే నడచును. ఏలయనగా రెంటి నిర్మాణము వేరు, కోరు అను మాటకు ఆ సంస్థలు లెక్కించు తీరును వేరు. శేరు వేరైనపుడు కొలతల సంఖ్యను పోల్చి ప్రయోజనమేమి?

3. మెమరీ: ఎంత పట్టును, ఎంత వేగముగా అందించును

మెమరీ విషయమున రెండు ప్రశ్నలు కలవు. జనులు మొదటిదానిని మాత్రమే అడుగుదురు. గట్టుమీద ఎన్ని నారు కట్టలు పట్టును అనునది మొదటి ప్రశ్న. అదియే గిగాబైట్ల సంఖ్య. గట్టునుండి మడిలోనివారికి కట్టలు ఎంత వేగముగా అందును అనునది రెండవ ప్రశ్న. అందించువారు ఆలస్యము చేసినచో నాటువారు నడుము నిలిపి ఊరక నిలువవలసినదే. గట్టుమీద కట్టలు కొండవలె పడియున్నను పని సాగదు.

ఈ సరఫరా వేగమును లెక్కించుట సులభము. మెమరీకిని జీపీయూకును నడుమనున్న మార్గము వెడల్పును బిట్లలో చెప్పుదురు. ఆ వెడల్పును, ఒక్కొక్క తీగ సెకనునకు పంపు గిగాబిట్లతో గుణించి, ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక ఎనిమిదితో భాగింపవలెను. 3060 కార్డులో మార్గము 192 బిట్లు, తీగ వేగము 15 గిగాబిట్లు. 192ను 15తో గుణించి 8తో భాగించిన 360. అనగా సెకనునకు 360 గిగాబైట్లు.

ఇక మా కథకు వత్తము. ఒక శనివారము మధ్యాహ్నము ఆ బాలుడే నోటుపుస్తకముతో మా యొద్దకు వచ్చెను. రెండు యంత్రములలోని కార్డుల వివరములను తెరపై తెరచి, ప్రక్కప్రక్కన రెండు నిలువు వరుసలుగా వ్రాసికొని తెచ్చెను. కోర్లు 384, ఇటును అటును ఒకటే. మెమరీ 2 గిగాబైట్లు, ఒకటే. మార్గము 64 బిట్లు, ఒకటే. కాని మెమరీ జాతి అను పంక్తిలో ఒకవైపు జీడీడీఆర్5 అనియు, మరియొకవైపు డీడీఆర్4 అనియు ఉండెను. 2017లో వచ్చిన జీటీ 1030 కార్డులో మెమరీ మొదటి జాతిది. 2018లో అదే పేరుతో రెండవ జాతి మెమరీ గల కార్డును విడుదలచేసిరి. మొదటిదానిలో తీగ వేగము 6 గిగాబిట్లు, రెండవదానిలో 2.1 మాత్రమే. లెక్కవేయగా మొదటిది సెకనునకు 48 గిగాబైట్లను, రెండవది 16.8 గిగాబైట్లను అందించును. అనగా మూడవ వంతుకంటె కొంచెము మాత్రమే అధికము. గడియార వేగమును రెండవదానిలో కొంత తక్కువ. బాలుని యంత్రము చెడిపోలేదు. దాని నాటుకూలీలు కట్టలకై ఎదురుచూచుచుండిరి, అంతే.

సోమవారమునాడు తరగతి యెదుట మేము మా తప్పు ఒప్పుకొంటిమి. అమ్మినవాడు అబద్ధమాడలేదు, పెట్టెమీద జీటీ 1030 అనియు, 2 గిగాబైట్లు అనియు నిజమే వ్రాసి యుండెను. మేమే తక్కిన పంక్తులు చదువలేదు. పేరు ఒకటి గనుక పని ఒకటి కావలెనని తలంచి, నిరపరాధిని దోషి యంటిమి.

4. మూడు కార్డుల పోలిక

ఇప్పుడు ఎన్‌విడియావారి మూడు కార్డులను వరుసగా నిలిపి చూతము.

ఆర్‌టీఎక్స్ 3060 (2021): కోర్లు 3,584, గడియార వేగము 1,777 మెగాహెర్ట్జ్, మెమరీ 12 గిగాబైట్లు, మార్గము 192 బిట్లు, సరఫరా 360 గిగాబైట్లు, విద్యుచ్ఛక్తి 170 వాట్లు.

ఆర్‌టీఎక్స్ 3060 టీఐ (2020): కోర్లు 4,864, గడియార వేగము 1,665, మెమరీ 8, మార్గము 256, సరఫరా 448, విద్యుచ్ఛక్తి 200.

ఆర్‌టీఎక్స్ 4060 (2023): కోర్లు 3,072, గడియార వేగము 2,460, మెమరీ 8, మార్గము 128, సరఫరా 272, విద్యుచ్ఛక్తి 115.

మొదట 3060ని, 3060 టీఐని పోల్చుడు. గిగాబైట్లను మాత్రమే చూచువాడు 12 గల మొదటిదే గొప్పదనును. కాని కోర్లును సరఫరాయును టీఐకి అధికము. రెండును ఒకే తరమునకు చెందినవి గనుక ఈ పోలిక న్యాయమైనది. ఆటలలో టీఐ స్పష్టముగా వేగవంతము. మెమరీ పరిమాణము పెరిగిన మాత్రమున వేగము పెరుగదు. 2023లో వచ్చిన 4060 టీఐ అను కార్డు 8 గిగాబైట్లతోను, 16 గిగాబైట్లతోను రెండు విధములుగా అమ్మబడినది. కోర్లును సరఫరాయును రెంటికిని సమానమే. ఎనిమిదిలో ఇముడు పనికి ఆ రెండింటి నడుమ భేదము కనబడుట అరుదు.

పిమ్మట 3060ని, 4060ని పోల్చుడు. ఇక్కడ విద్యార్థి తికమకపడును. 4060కి కోర్లు తక్కువ, మెమరీ తక్కువ, మార్గము ఇరుకు, సరఫరా తక్కువ. అయినను 1080 వరుసల తెరపై అనేక ఆటలలో 4060 యే ముందు నడచును. కారణములు రెండు. మొదటిది, గడియార వేగము మిక్కిలి హెచ్చు; పై సూత్రమును బట్టి లెక్కవేయగా సెకనునకు సుమారు 15.1 లక్షల కోట్ల లెక్కలు వచ్చును. రెండవది, జీపీయూలోపలనే యుండు క్యాష్ అను చిన్న నిలువ. 3060లో రెండవ స్థాయి క్యాష్ 3 మెగాబైట్లు, 4060లో 24. ఇది నాటువారి వెనుకనే మడిలో అక్కడక్కడ విసరియుంచిన కట్టలవంటిది. చేతికందు దూరమున కట్ట యున్నపుడు గట్టువైపు చూడనక్కరలేదు.

అట్లయిన 12 గిగాబైట్లు వ్యర్థమా? కాదు. పని 8 గిగాబైట్లలో ఇమడనపుడు కథ మారును. గట్టుమీద చోటు చాలక కట్టలను ఊరిలోనుండి తెప్పింపవలసి వచ్చును. కార్డునకును కంప్యూటరు ప్రధాన మెమరీకిని నడుమ దారి పీసీఐ ఎక్స్‌ప్రెస్ అనునది. నాల్గవ తరపు పదునారు వరుసల దారి ఒక దిశలో సెకనునకు సుమారు 32 గిగాబైట్లను పంపును. 4060 వాడునది ఎనిమిది వరుసలే గనుక దానికి అందులో సగము. 272 ఎక్కడ, 16 ఎక్కడ? పెద్ద త్రిమితీయ దృశ్యములను చిత్రించువారికిని, కృత్రిమ మేధ నమూనాలను ఇంటి యంత్రముననే నడపువారికిని పాత 3060 కొన్ని పనులలో మేలగుటకు కారణమిదియే. కావున ఏది మంచి కార్డు అను ప్రశ్నకు ముందు, ఏ పనికి అను ప్రశ్న రావలెను.

5. పేరును నమ్మరాదు

పేరులో అంకె పెద్దదైన కార్డు పెద్దదని తలంచుట వాడుక. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1060 కార్డు 6 గిగాబైట్లతోను, 3 గిగాబైట్లతోను దొరకెడిది. మెమరీ మాత్రమే తక్కువ యని కొన్నవారు పొరబడిరి. మొదటిదానిలో 1,280 కోర్లు, రెండవదానిలో 1,152. 2022 సెప్టెంబరులో ఆర్‌టీఎక్స్ 4080 అను ఒకే పేరుతో రెండు కార్డులను ప్రకటించిరి. ఒకదానిలో 9,728 కోర్లు, మరియొకదానిలో 7,680. జనులు ఆక్షేపింపగా, అక్టోబరులో చిన్నదానిని విరమించుకొని, 2023 జనవరిలో ఆర్‌టీఎక్స్ 4070 టీఐ అను వేరు పేరుతో విడుదలచేసిరి. కావున అడుగు కొనుగోలుదారునకు బలము కలదని తెలిసికొనుడు.

ల్యాప్‌టాప్ కొనువారు మరింత మెలకువగా నుండవలెను. బల్లమీది యంత్రమునకు వచ్చు ఆర్‌టీఎక్స్ 4090లో 16,384 కోర్లు, 24 గిగాబైట్లు. ల్యాప్‌టాప్‌లోని 4090లో 9,728 కోర్లు, 16 గిగాబైట్లు.

6. పరీక్షించు విధము

అంకెలు ఎంత చదివినను, తుదకు పనిచేయించి చూచుటయే ప్రమాణము. దీనిని బెంచ్‌మార్కు అందురు. ఇందు మూడు నియమములు పాటింపవలెను.

మొదటిది: కార్డు తప్ప తక్కినవన్నియు మారకుండవలెను. కంప్యూటరు, తెర చుక్కల సంఖ్య, ఆట, దాని అమరికలు ఒకటిగా నుండనిచో పోలిక చెల్లదు.

రెండవది: సగటును మాత్రమే చూడరాదు. ఒక కార్డు సెకనులో 60 ఫ్రేములను సమానమైన ఎడముతో గీసినదనుకొనుడు. మరియొకటి మొదటి అరసెకనులో 59 గీసి, చివరిదానికి తక్కిన అరసెకను తీసికొన్నదనుకొనుడు. రెంటికిని లెక్క 60 యే. కాని రెండవదానిలో బొమ్మ అరసెకను స్తంభించినది. అందువలననే మంచి పరీక్షకులు అన్నిటికంటె ఆలస్యమైన నూటికొక ఫ్రేముల వేగమును గూడ ప్రకటింతురు.

మూడవది: ఒక్క పరీక్షను నమ్మరాదు. 2001లో ఏటీఐ సంస్థవారి రేడియాన్ 8500 కార్డు విషయమున ఒక వింత బయటపడెను. క్వేక్ 3 అను ఆట ఆనాడు పరీక్షకులందరు వాడునది. ఆ ఆట యొక్క ఫైలు పేరులోని క్వేక్ అను మాటను క్వాక్ అని మార్చి నడపగా, ఫ్రేముల వేగము తగ్గెను, బొమ్మ నాణ్యత పెరిగెను! ఆట ఒకటే, పేరు మాత్రము వేరు. కార్డును నడపు డ్రైవరు అను ప్రోగ్రాము ఆ పేరును గుర్తించి, బొమ్మను కొంత మొరటుగా గీసి వేగము సంపాదించుచుండెను. రానున్న ప్రశ్నను ముందే ఎరిగి దానినే వల్లించిన విద్యార్థికి వచ్చు మార్కు ఎట్టిదో, ఈ వేగమును అట్టిదే.

7. విద్యుత్తు

కార్డు అమర్చు గాడినుండి అత్యధికముగా 75 వాట్లు లభించును. అంతకు మించిన కార్డునకు పవర్ సప్లయి నుండి వేరుగా తీగ కావలెను. ఆ పవర్ సప్లయి చిన్నదైనచో, కార్డుతోపాటు దానిని గూడ మార్చవలసి వచ్చును. ఈ ఖర్చును పలువురు మరతురు. 3060కిని 4060కిని భేదము 55 వాట్లు. దినమునకు నాలుగు గంటలు పూర్తి బలముతో నడచినచో 220 వాట్ గంటలు, అనగా 0.22 యూనిటు. రెండువందల దినములకు 44 యూనిట్లు. మీ యింటి బిల్లులోని ధరతో గుణించి చూచుకొనుడు.

8. తలిదండ్రులకు మనవి

కార్డు కొనబోవునప్పుడు మొదట పిల్లవాడు చేయబోవు పనిని కాగితముమీద వ్రాయుడు. పాఠములు వినుటకును, వ్రాతపనికిని, లెక్కల పట్టికలకును సీపీయూతో వచ్చు గ్రాఫిక్సే చాలును. ఆ ధనము మిగిలించుకొనుడు. త్రిమితీయ చిత్రకళ నేర్చుకొనువారికి మెమరీ పరిమాణము ముఖ్యము. ఆటలకైనచో మీ తెర చుక్కల సంఖ్యకు తగిన పరీక్షా ఫలితములు ముఖ్యము. పిమ్మట పూర్తి పేరును, మెమరీ జాతిని, మార్గము వెడల్పును బిల్లుమీద వ్రాయించుకొనుడు. తుదకు, ధరను ఫ్రేములచే భాగించి, ఒక్కొక్క ఫ్రేమునకు ఎంత చెల్లించుచున్నారో చూచుకొనుడు.

మా గదిలోని రెండవ యంత్రమును పారవేయలేదు. దానిని మార్కుల పట్టికలు వ్రాయు బల్లకు మార్చితిమి. అక్కడ అది నేటికిని ఏ లోపమును లేక పనిచేయుచున్నది. ఆ బాలుని నోటుపుస్తకపు పుటను మాత్రము అడిగి తీసికొని, కంప్యూటరు గది గోడకు అంటించితిమి. క్రొత్త వస్తువు ఏది కొన్నను ముందుగా దానివలె రెండు నిలువు వరుసలు వ్రాయుట ఇప్పుడు మా గదిలో నియమమైనది.

అభ్యాసము

1. ఒక కార్డు మార్గము 256 బిట్లు, తీగ వేగము 14 గిగాబిట్లు. సరఫరా వేగమెంత? అది పైని చెప్పిన కార్డులలో దేనిది?

2. 3060 టీఐ సెకనునకు ఎన్ని లక్షల కోట్ల లెక్కలు చేయగలదు? 3060తో పోల్చుడు.

3. అడ్డము 3840, నిలువు 2160 చుక్కలు గల తెరలో మొత్తము చుక్కలెన్ని? సాధారణమైన తెరకంటె ఎన్ని రెట్లు?

4. ఒక ఫ్రేమునకు సెకనులో ముప్పదవ వంతు పట్టినచో, నిమిషమునకు ఎన్ని ఫ్రేములు వచ్చును?

5. మీ యింటనైనను బడిలోనైనను ఉన్న రెండు యంత్రముల వివరములను రెండు నిలువు వరుసలుగా వ్రాసి, వేరుగానున్న పంక్తుల క్రింద గీత గీయుడు. ఆ భేదము ఏ పనిలో కనబడునో రెండు వాక్యములలో వ్రాయుడు.